ఒకటో తరగతిని ఆఖర్న తెరిచాం

తెలంగాణలో 2020 మార్చి మధ్యలో మూతపడిన బడులు మళ్లీ ఏ వరుసలో తెరుచుకున్నాయో ఒకసారి గుర్తు చేసుకుందాం. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల పిల్లలు, వాళ్లతోపాటు కాలేజీలవాళ్లు వెళ్లారు. అదే నెల 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను పిలిచారు. నెల తిరిగేసరికి కేసులు పెరగడంతో మార్చి 24 నుంచి అన్నీ మళ్లీ మూసేశారు. ఐదో తరగతి లోపు పిల్లలకు ఆ నెల్లాళ్ల ముచ్చట కూడా తీరలేదు. వాళ్లు బడి గడప తొక్కింది 2021 సెప్టెంబరు 1న, దాదాపు ఏడాదిన్నర తర్వాత. సినిమా హాళ్లు 2020 డిసెంబరులోనే తలుపులు తీశాయి. టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో 2020 సెప్టెంబరు 1న మొదలైన పాఠాలు కూడా మూడో తరగతి నుంచి పదో తరగతి దాకానే. ఒకటి, రెండు తరగతులవాళ్లకు ఆ టీవీ బడి కూడా లేదు.

ఆంధ్రప్రదేశ్ కొంత మెరుగు. అక్కడ 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో మొదలుపెట్టి, 2021 ఫిబ్రవరి 1న ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా తెరిచారు. ఏప్రిల్ 20న మూసి, ఆగస్టు 16న మళ్లీ గంట కొట్టారు. అక్కడ కూడా వరుస మాత్రం ఇదే: పెద్దవాళ్లు ముందు, పసివాళ్లు వెనక.

ఇలా ఎందుకు చేశారో ఊహించడం కష్టమేమీ కాదు. పదో తరగతికి బోర్డు పరీక్షలుంటాయి. పద్నాలుగేళ్ల పిల్లకు చెబితే మాస్కు పెట్టుకుంటుంది, దూరంగా కూర్చుంటుంది. ఆరేళ్లవాడు మాస్కును పక్కవాడితో మార్చుకుంటాడు. తల్లిదండ్రుల భయం కూడా చిన్నపిల్లల విషయంలోనే ఎక్కువ. కానీ వైరస్ ఏ వయసువాళ్లతో ఎలా ప్రవర్తిస్తుంది, గదిలో గాలి ఎలా కదులుతుంది, పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారు అనే మూడు ప్రశ్నలకూ 2021 వేసవికల్లా చాలావరకు జవాబులు వచ్చేశాయి. ఆ జవాబులు మూడూ ఒకే మాట చెప్పాయి. ఊళ్లో వ్యాప్తి తగ్గుముఖం పట్టాక అన్నిటికన్నా ముందు తెరవాల్సింది ప్రాథమిక పాఠశాలనే.

వయసు సంగతి ముందు చూద్దాం. కరోనా వైరస్ మన కణంలోకి చొరబడడానికి ఏస్2 అనే ప్రొటీన్‌ను ఆసరా చేసుకుంటుంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై వైద్య సంస్థ పరిశోధకులు 4 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 305 మంది ముక్కు లోపలి పొరను పరీక్షించారు. ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు పదేళ్లలోపు పిల్లల్లో అందరికన్నా తక్కువగా పనిచేస్తోందని 2020 మేలో ప్రకటించారు. ఇదొక్కటే అయితే గట్టి ఆధారం అనిపించుకోదు. మరుసటి ఏడు బెర్లిన్ పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. పిల్లల ముక్కు, గొంతు కణాల్లో వైరస్‌ను పసిగట్టే ప్రొటీన్లు ముందే సిద్ధంగా ఉంటున్నాయి. అందువల్ల ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ రసాయనం తొలి గంటల్లోనే విడుదలవుతుంది. పెద్దవాళ్లలో ఆ స్పందన మొదలయ్యేలోగా వైరస్ పుంజుకుంటుంది. చిన్నపిల్లల్లో చాలామందికి జలుబు, కాస్త జ్వరంతో పోవడానికి ఇదొక ముఖ్య కారణం. స్వీడన్‌లో 2020 వసంతంలో పదహారేళ్లలోపు పిల్లల బడులు తెరిచే ఉంచారు. మార్చి నుంచి జూన్ వరకు దాదాపు 19.5 లక్షల మంది పిల్లల్లో కోవిడ్‌తో ఐసీయూలో చేరినవాళ్లు 15 మంది, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు.

పిల్లలకు జబ్బు ముదరదంటే వాళ్లకు సోకదనీ, వాళ్లు అంటించరనీ అర్థం కాదు. ఈ రెండు మాటలనూ కలిపేసి మాట్లాడినవాళ్లు అప్పట్లో చాలామంది. దీనికి మన దగ్గరే జరిగిన పెద్ద అధ్యయనం ఉంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాలను రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం విశ్లేషించింది. 84,965 మంది రోగులు, వాళ్ల దగ్గర మసలిన 5,75,071 మంది లెక్క అది. 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒకే వయసువాళ్ల మధ్య వైరస్ ఎక్కువగా పాకిందని, పిల్లల మధ్య కూడా అంతేనని అందులో తేలింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. సోకినవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఒక్కరికి కూడా అంటించలేదు. కొద్దిమందే చాలామందికి అంటించారు. ఒక మనిషి ఒక్కడికీ అంటించకపోవడానికి, ఇంకో మనిషి ఇరవై మందికి అంటించడానికి తేడా ఎక్కడుంది? కొంత ఆ మనిషి ఒంట్లో ఉంది. చాలావరకు అతను కూర్చున్న గదిలో ఉంది.

గది దగ్గరికి వెళ్లేముందు ఒక అంకె. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 జూన్, జూలైలలో నాలుగోసారి దేశమంతటా రక్త పరీక్షలు చేసినప్పుడు ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందిలో కోవిడ్ యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లకు టీకా లేదు. వాళ్లలో ఎక్కువమంది ఏడాదికి పైగా బడి మొహం చూడలేదు. వైరస్ ఇంట్లోనే, అమ్మానాన్నల నుంచి, మేనమామ పెళ్లిలో, పక్కింటి పిల్లలతో ఆటలో వాళ్లను పలకరించి వెళ్లింది. ఆ సర్వే వివరాలు చెప్పిన రోజే, అంటే జూలై 20న, ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ ఉపాధ్యాయులకూ సిబ్బందికీ టీకాలు వేశాక ముందు ప్రాథమిక పాఠశాలలు తెరవడం మంచిదని అన్నారు. ఆ మాట విని వరుస మార్చుకున్న రాష్ట్రాలు తక్కువ.

ఇక గది. 2021 మే నెలలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మారిన్ కౌంటీలోని ఒక ప్రాథమిక పాఠశాలలో జరిగింది చూడండి. తరగతిలో 24 మంది పిల్లలు. బల్లలు ఐదు వరుసలుగా, ఆరేసి అడుగుల ఎడంలో ఉన్నాయి. పిల్లలందరికీ మాస్కులున్నాయి. గదికి ఎడమ పక్కన కిటికీలు, తలుపు తెరిచి ఉన్నాయి. ముందు భాగంలో గాలిని వడపోసే యంత్రం తిరుగుతోంది. కాగితం మీద రాసే జాగ్రత్తలన్నీ ఆ గదిలో ఉన్నాయి. టీకా వేసుకోని ఉపాధ్యాయుడికి మే 19న ముక్కు దిబ్బడ, నీరసం మొదలయ్యాయి. అలర్జీ అనుకుని మరో రెండు రోజులు బడికి వచ్చారు. పిల్లలకు పుస్తకం చదివి వినిపించేటప్పుడు మాత్రం మాస్కు తీశారు. డెల్టా రకం వైరస్ అది. ముందు రెండు వరుసల్లో కూర్చున్న పదిమందిలో ఎనిమిది మందికి సోకింది. వెనక మూడు వరుసల్లోని 14 మందిలో నలుగురికి సోకింది. అక్కణ్ణుంచి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, తల్లిదండ్రులకు పాకింది.

నాకు ఈ సంఘటనలో రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది, వైరస్ గదిలోకి వచ్చింది పెద్దమనిషి ద్వారా. చిన్నపిల్లల బడిలో అందరికన్నా ముందు టీకా, మాస్కు, జ్వరమొస్తే జీతం కోతలేని సెలవు దక్కాల్సింది పాఠం చెప్పేవాళ్లకు. రెండోది, గట్టిగా చదివి వినిపించడం. మామూలుగా ఊపిరి వదిలినప్పటికన్నా మాట్లాడినప్పుడు, గొంతెత్తి చదివినప్పుడు నోటి నుంచి వెలువడే సన్నని తుంపర్లు చాలా ఎక్కువ. వాటిలో 100 మైక్రాన్ల పెద్ద బొట్టు అయిదు సెకన్లలో నేలకు చేరుతుంది. అయిదు మైక్రాన్ల కణానికి మనిషి నోటి ఎత్తు నుంచి కింద పడడానికి అరగంట పైగా పడుతుంది. ఒక మైక్రాను కణం పన్నెండు గంటలకు పైగా తేలుతూనే ఉంటుంది. అంటే ఉదయం మొదటి పీరియడ్‌లో వెలువడింది, గాలి మారకపోతే, పిల్లలు ఇంటికెళ్లే వేళకు కూడా గదిలోనే ఉంటుంది. ఈ సన్నని కణాల సంగతి గుర్తించమని 2020 జూలైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్‌లతోపాటు మొత్తం 239 మంది శాస్త్రవేత్తలు వైద్య ప్రపంచానికి బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. అప్పటిదాకా సలహాలన్నీ చేతుల చుట్టూ, ఆరడుగుల చుట్టూ తిరిగాయి.

గదిలో గాలి మారుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 40,000 భాగాలు ఉంటుంది. ఆరుబయట అది 420 దగ్గర ఉంటుంది. కిటికీలు మూసి నలభై మంది కూర్చున్న గదిలో 2,000 దాటడం మామూలే. లెక్క కట్టండి: 2,000 దగ్గర, పీల్చే గాలిలో నాలుగు శాతం అప్పటికే ఇంకొకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. ప్రతి పాతిక శ్వాసల్లో ఒకటి పరాయి శ్వాస. కిటికీలు తెరిచి 800కు తెస్తే అది ఒక శాతానికి దిగుతుంది. గాల్లో ఈ వాయువు ఎంత ఉందో చూపే మీటరు అరచేతిలో పడుతుంది. అది కూడా లేకపోతే అగరువత్తి వెలిగించి చూడవచ్చు. తరగతి గది మధ్యలో పెట్టి పొగ ఎటు పోతోందో గమనిస్తే చాలు, వైరస్ ఉన్న తుంపర్ల దారి కూడా ఇంచుమించు అదే. పొగ ఒక కిటికీ వైపు సాగి బయటికి పోతే గది బాగున్నట్టు. ఫ్యాను కింద గిరగిరా తిరిగి గదంతా పరుచుకుంటే బాగాలేనట్టు. సీలింగు ఫ్యాను గాలిని కలుపుతుందే తప్ప మార్చదు. ఎదురెదురు గోడల్లో తెరిచిన కిటికీలు ఉంటేనే ఆ ఫ్యాను పనికొస్తుంది. మారిన్ కౌంటీ గదికి తెరిచినవన్నీ ఒకే పక్కన ఉన్నాయని గుర్తుంచుకోండి.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 169 ప్రాథమిక పాఠశాలల్లో 2020 నవంబరు, డిసెంబరు నెలల కేసులను పోల్చి చూశారు. తలుపులు, కిటికీలు, ఫ్యాన్లతో గాలి మార్చిన బడుల్లో కేసులు 35 శాతం తక్కువ. దానికి గాలి వడపోత కూడా తోడైనచోట 48 శాతం తక్కువ. ఉపాధ్యాయులకు మాస్కు తప్పనిసరి చేసినచోట 37 శాతం తక్కువ. ఇలాంటి పోలికల్లో ఒక బలహీనత ఉంది. కిటికీలు తెరిచే బడి ఇంకో పది జాగ్రత్తలు కూడా తీసుకునే బడి అయి ఉండవచ్చు. అయినా గాలి గురించి భౌతికశాస్త్రం ముందే చెప్పినదానికీ ఈ అంకెలకూ పొత్తు కుదిరింది. మరోవైపు, గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు తుపాకీలు, బెంచీల మీద రోజూ చల్లిన బ్లీచింగు ద్రావణం పెద్దగా కాపాడలేదు. జ్వరం రాకముందే మనిషి అంటించగలడు. ముట్టుకున్న వస్తువు నుంచి సోకే అవకాశం పదివేలలో ఒకటికన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో తేల్చింది. మన బడుల్లో అప్పుడు ఖర్చయిన డబ్బు, చాకిరీ చాలావరకు ఈ రెండింటికే పోయాయి.

ఇక్కడ నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఏమిటంటే, గాలి విషయంలో మన ఊరి బడులు చాలా బడులకన్నా నయం. ఒకే అంతస్తు, ముందు పొడవాటి వరండా, రెండు వైపులా కిటికీలు, ఆవరణలో వేపచెట్టో కానుగచెట్టో, తరగతికి పదిహేను, ఇరవై మంది. ఎండాకాలం ఉదయం వేళ వరండాలోనే పాఠం జరిగే బడులు ఎన్నో ఉన్నాయి. నగరాల్లో అపార్టుమెంటు భవనాల్లో నడిచే ప్రైవేటు స్కూళ్ల సంగతి వేరు. అక్కడ నడవకు రెండు పక్కలా గదులు, ఒకే వైపు కిటికీ, అది కూడా రోడ్డు రొదకు మూసే ఉంటుంది. ఈ రెండు రకాల బడులకూ ఒకే తేదీ, ఒకే ఉత్తర్వు ఇచ్చాం. కేసులు లేని ఊళ్లో వేపచెట్టు కింది రెండో తరగతి, నగరంలో నాలుగో అంతస్తు గది, ప్రభుత్వ కాగితం మీద రెండూ ఒక్కటే అయ్యాయి.

ఆరుబయట పాఠం కొత్త ఆలోచనేమీ కాదు. క్షయ వ్యాధి విజృంభించిన రోజుల్లో, 1904లో, బెర్లిన్ దగ్గర షార్లోటెన్‌బర్గ్‌లో చెట్ల మధ్య బడి పెట్టారు. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మేరీ ప్యాకార్డ్, ఎల్లెన్ స్టోన్ అనే ఇద్దరు డాక్టర్లు గోడంత కిటికీలున్న గదిలో, గడ్డకట్టే చలికాలంలో, పిల్లలకు దుప్పట్లు చుట్టి తరగతులు నడిపించారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా విలయంలో న్యూయార్క్ నగరం బడులు మూయలేదు. ఇరుకు ఇళ్లలో ఉండే లక్షలాది పిల్లలకు శుభ్రమైన, గాలి ఆడే బడి, రోజూ చూసే డాక్టరు, నర్సు ఉండడమే క్షేమమని అక్కడి ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ వాదించారు.

2020లో ఈ దారి పట్టిన దేశం డెన్మార్క్. ఏప్రిల్ 15న, ఐరోపాలో అందరికన్నా ముందు, పదకొండేళ్లలోపు పిల్లలనే పిలిచింది. చిన్నచిన్న జట్లు చేసి, ఒక జట్టును ఇంకో జట్టుతో కలవనివ్వకుండా, వీలైనంతవరకు ఆరుబయట పాఠాలు చెప్పారు. ఊళ్లో వ్యాప్తి అప్పటికే దిగుతోంది. బడులు తెరిచాక కూడా కేసులు దిగుతూనే వచ్చాయి. ఇజ్రాయెల్ మే నెలలో తెరిచింది. కొద్దిరోజులకే అన్ని తరగతులనూ నిండుగా నింపేసింది. ఇంతలో వడగాడ్పులు వచ్చాయి. మాస్కులు అక్కర్లేదన్నారు, ఏసీలు వేశారు. జెరూసలేంలోని ఒక పెద్ద బడిలో ముప్పై అయిదు మందికి పైగా కిక్కిరిసిన గదుల నుంచి 153 మంది విద్యార్థులకు, 25 మంది సిబ్బందికి సోకింది. ఎక్కువ కేసులు ఏడు నుంచి తొమ్మిది తరగతుల పిల్లల్లో వచ్చాయి. ప్రపంచమంతా ఆ వార్త చూసి ‘పిల్లల బడులు ప్రమాదం’ అనుకుంది.

ఉపాధ్యాయుల భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. స్వీడన్‌లోనే ఇంకో అధ్యయనం ఉంది. బడి తెరిచి ఉన్న పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు నేరుగా పాఠం చెప్పినవాళ్లకు, ఆన్‌లైన్‌లో చెప్పిన పై తరగతుల ఉపాధ్యాయులకన్నా సోకే అవకాశం రెట్టింపు అయింది. ఆ పిల్లల తల్లిదండ్రులకు పెరిగిన ముప్పు మాత్రం స్వల్పం. టీకా రాకముందు బడి తెరవడమంటే టీచరును ముందు వరుసలో నిలబెట్టడమే. వాళ్లకు టీకా చేతికొచ్చాక కూడా పసిపిల్లల బడి మూసి ఉంచడానికి చెప్పుకోదగ్గ కారణం నాకు కనిపించదు.

ఎందుకంటే మూతకు చెల్లించిన మూల్యం ఈ వయసులోనే అన్నిటికన్నా ఎక్కువ. ఏడేళ్ల పిల్ల తెలుగు చదవడం దగ్గరి నుంచి చూడండి. ‘పుస్తకం’ అనే మాట మీద వేలు పెడుతుంది. ‘ప’కు కొమ్ముంది కాబట్టి ‘పు’. తర్వాత ‘స’, దాని కింద ఏదో ఒత్తు. అది ‘త’ ఒత్తా, ‘న’ ఒత్తా అని గుర్తు చేసుకునేలోగా మొదటి అక్షరం జారిపోతుంది. మళ్లీ మొదటికి వస్తుంది. పక్కన కూర్చున్న టీచరు ఆ వేలు ఎక్కడ ఆగిందో చూసి, ఆ ఒక్క ఒత్తును పలక మీద నాలుగుసార్లు దిద్దిస్తుంది. ఇలా వందల సార్లు జరిగాక గుణింతాలు, ఒత్తులు ఆలోచించకుండానే నోటికొస్తాయి, అప్పుడు మనసు అర్థం మీదికి పోతుంది. ఆ ఘట్టం దాటిన పిల్లవాడు ఆరు నెలలు బడి మానినా చదువు పూర్తిగా పోదు. దాటనివాడికి నేర్చిన అక్షరాలు కూడా చెరిగిపోతాయి. వేలు ఎక్కడ ఆగిందో ఫోను తెరకు కనిపించదు. పైగా ఆ ఫోను నాన్నతోపాటు పనికి వెళ్తుంది. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జ్యాఁ ద్రెజ్ తదితరులు 15 రాష్ట్రాల్లో దాదాపు 1,400 మంది పేదింటి పిల్లలను కలిసినప్పుడు పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు ఎనిమిది శాతమే.

పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే అంకెలు ఇంకా సూటిగా ఉన్నాయి. పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో తెలంగాణలో 18.1 శాతం. 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు పడింది. ఆంధ్రప్రదేశ్ ఐదో తరగతిలో అదే పాఠం చదివినవాళ్లు 59.7 శాతం నుంచి 36.3కు వచ్చారు. తెలంగాణలో ఇరవై మంది ఉన్న మూడో తరగతి గదిలో పాఠం చదవగలిగింది ఒక్కరే. బడులు ఎనిమిది వారాలే మూసిన నెదర్లాండ్స్‌లో, ఇంటింటా ఇంటర్నెట్ ఉన్నచోట, పిల్లలు సగటున ఏడాది చదువులో ఐదో వంతు కోల్పోయారు. పెద్దగా చదువుకోని తల్లిదండ్రుల పిల్లలకు ఆ నష్టం 60 శాతం దాకా ఎక్కువ.

పోయింది తిరిగి రాదనుకోనక్కర్లేదు. తమిళనాడు పల్లెల్లో ప్రాథమిక బడి వయసున్న దాదాపు 19,000 మంది పిల్లలను పరీక్షిస్తే, బడులు తెరిచిన ఆరు నెలల్లోనే పోయినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ‘ఇల్లం తేడి కల్వి’ పేరుతో అక్కడి ప్రభుత్వం ఊళ్లోని వాలంటీర్లతో సాయంత్రాలు గంట, గంటన్నర పాఠాలు చెప్పించింది. కోలుకున్నదాంట్లో దాదాపు పావువంతు దానివల్లేనని పరిశోధకులు లెక్క కట్టారు. దేశం మొత్తం మీద మూడో తరగతి అంకె 2022లో 20.5 శాతం ఉండగా 2024లో 27.1కి చేరింది. 2018లో అది 27.3. ఆరేళ్లు పట్టింది, దాదాపు ఉన్నచోటికి రావడానికి.

తర్వాతి మహమ్మారికి ఇదే వరుస పనికొస్తుందా? వస్తుందని గుడ్డిగా అనుకోకూడదు. ఇన్‌ఫ్లుయెంజా అయితే లెక్క తిరగబడుతుంది. దాన్ని ఊరంతా మోసుకెళ్లేది బడి పిల్లలే. ఫ్రాన్స్‌లో బడి సెలవుల్లో పిల్లలకు ఫ్లూ సోకే వేగం 20 నుంచి 29 శాతం తగ్గుతోందని 2008లో లెక్కగట్టారు. అలాంటి జబ్బుకు మొదటి కొన్ని వారాలు ప్రాథమిక బడులు మూయడం సబబే. అందుకే కొత్త జబ్బు వచ్చిన తొలి నెలలోనే ఏ వయసువాళ్లకు ఎంత సోకిందో రక్త పరీక్షలతో జిల్లాల వారీగా తేల్చుకోవాలి. బడులు తెరిచే అధికారం రాజధానిలోని ఒక్క ఉత్తర్వు నుంచి మండలానికి దిగాలి. ఆలోగా చేయగల పనులు ఉన్నాయి. కొత్తగా కడుతున్న తరగతి గదికి ఎదురెదురు గోడల్లో తెరుచుకునే కిటికీలు లేకపోతే బిల్లు మంజూరు చేయకూడదు. మండలానికి కొన్ని కార్బన్ డయాక్సైడ్ మీటర్లు కొని ఏడాదికి ఒకసారి ప్రతి బడి గదినీ పిల్లలు నిండుగా ఉన్న వేళ కొలవాలి. నగరంలో ఒకే కిటికీ ఉన్న గదులకు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాకే గుర్తింపు రెన్యువల్ చేయాలి. ఈ పనులకు కొత్త పరిశోధన అక్కర్లేదు, టీకా కోసం ఎదురుచూడనక్కర్లేదు, మామూలు జలుబుల కాలంలో కూడా హాజరు పెరుగుతుంది.